బీపీ 112 ఉన్న మనిషి షాక్‌లో ఎలా ఉంటాడు?

కొత్త ఈఎంటీ:
అందరికీ నమస్కారం. ఈఎంటీ (అంబులెన్స్‌లో అత్యవసర వైద్యం చేసే టెక్నీషియన్) కోర్సులో ఉన్నాను, ఇప్పుడు అంబులెన్స్ పోస్టింగ్ నడుస్తోంది. పోయిన వారం చూసిన ఒక కేసు మనసులోంచి పోవడం లేదు. బైక్ స్కిడ్ అయి పడ్డ పాతికేళ్ల కుర్రాడు, పైకి మోచేయి గీరుకుపోయిందంతే, ఎడమ డొక్కలో నొప్పి అన్నాడు, ఎడమ భుజం కూడా లాగుతోందన్నాడు గానీ అక్కడ దెబ్బేమీ కనిపించలేదు. పల్స్ 124, బీపీ 112/92. "బీపీ నార్మలే అన్నా" అని సీనియర్‌తో చెప్పాను. ఆయన కుర్రాడి మణికట్టు పట్టుకుని చూసి, వెంటనే పైలట్‌తో (అంబులెన్స్ డ్రైవర్) "ఎక్కడా ఆగొద్దు, పోనివ్వు" అన్నాడు. ఇరవై నిమిషాలకి పై బీపీ 76కి వచ్చేసింది. ఆస్పత్రిలో స్కాన్ చేస్తే ప్లీహం చిట్లి కడుపంతా రక్తం. ఆపరేషన్ చేశారు, బతికాడు.

షాక్ అంటే బీపీ 90 కంటే తగ్గడం అని నోట్స్‌లో రాసుకున్నాను. మరి 112 ఉన్నప్పుడే ఆయనకి ఎలా తెలిసింది? పరీక్ష వచ్చే నెలలో ఉంది, పట్టికలు బట్టీ పడుతున్నాను గానీ ఏదీ బుర్రకెక్కడం లేదు.

రాత్రి డ్యూటీ:
తమ్ముడూ, ముందు నోట్స్‌లో ఆ వాక్యం కొట్టెయ్. కణాలకి కావలసినంత ఆక్సిజన్ అందకపోవడమే షాక్. బీపీ పడిపోయే సరికి శరీరం చేతులెత్తేసిందని అర్థం, మనం దానికంటే ముందే పసిగట్టాలి.

ఆ కుర్రాడి ఒంట్లో జరిగింది వరసగా చూడు. 70 కిలోల మనిషిలో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది, అందులో ఒక లీటరు కడుపులోకి కారిపోయిందనుకో. గుండెకి తిరిగొచ్చేది తగ్గింది, కాబట్టి ఒక్కో దెబ్బకి అది బయటికి తోసేదీ తగ్గింది. మెడలో కెరోటిడ్ ధమని దగ్గర, గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని అయోర్టా వంపులో బారోరిసెప్టర్లు, అంటే రక్తపు ఒత్తిడిని పసిగట్టేవి, ఉంటాయి, ఒత్తిడి తగ్గగానే అవి సెకన్లలో మెదడుకి కబురు పంపుతాయి. ఆపదలో ఒంటిని సిద్ధం చేసే సింపథెటిక్ నాడులూ అడ్రినలిన్ హార్మోనూ పనిలోకి దిగుతాయి. గుండె వేగం పెరుగుతుంది, అదే నువ్వు చూసిన 124. ఉన్న రక్తాన్ని గుండెకీ మెదడుకీ మళ్లించడానికి చర్మానికీ పేగులకీ వెళ్లే చిన్న ధమనులు బిగుసుకుంటాయి, అందుకే చెయ్యి పాలిపోయి చల్లబడుతుంది. ఆ నాడులే చెమట గ్రంథుల్నీ లేపుతాయి గనక చల్లటి చర్మం మీద జిగట చెమట పడుతుంది. మీ సీనియర్ మణికట్టు పట్టుకుని చూసింది ఒక్క పల్సే కాదు, ఇదంతా.

ఇక 112/92. పై అంకె చూసి నార్మల్ అన్నావు, కింది అంకె వదిలేశావు. నాళాలు బిగుసుకుంటే కిందిది పెరుగుతుంది, గుండె తోసే రక్తం తగ్గితే పైది మెల్లగా దిగుతుంది. రెండింటి మధ్య తేడా మామూలుగా 40 దాకా ఉంటుంది, ఆ కుర్రాడికి 20 ఉంది. పైదానిలో పావు వంతు కంటే తేడా తక్కువ కనిపిస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది. పెద్దవాళ్లలో మామూలుగా 30 శాతం, అంటే లీటరున్నర దాకా పోయాక గానీ పై అంకె పడదు.

భుజం నొప్పి కూడా అక్కడిదే. రక్తం డయాఫ్రమ్ (ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండరపు పొర) కింద చేరి దాన్ని రేపుతుంది, డయాఫ్రమ్ నరమూ భుజం చర్మపు నరాలూ మెడ దగ్గర ఒకే చోట వెన్నుపాములోకి చేరతాయి, దాంతో మెదడు భుజమే నొప్పి అనుకుంటుంది.

ఊపిరి లెక్కపెట్టావా? చాలామంది చూడకుండానే 18 అని రాసేస్తారు, దయచేసి ఆ అలవాటు చేసుకోకు. ఆక్సిజన్ అందని కణాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటే దాన్ని సర్దడానికి శరీరం కార్బన్ డయాక్సైడ్‌ని ఊదేస్తుంది, ఊపిరి వేగం పెరుగుతుంది.

క్యాజువాలిటీ నర్స్:
పైన చెప్పింది అక్షరాలా నిజం, కానీ ఇది అందరిలో ఒకేలా కనిపించదు. అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకునే పెద్దాయనకి ఎంత రక్తం పోయినా పల్స్ 80 దగ్గరే ఉండిపోవచ్చు, ఆ మందులు అడ్రినలిన్ మాట గుండెకి వినపడనివ్వవు. రోజూ 170 బీపీ ఉండే మనిషికి 115 అంటే తక్కువే. అందుకే ఇంట్లోవాళ్లని మందుల కవరు కూడా తెమ్మని అడగండి. పిల్లల్లో నాళాలు బాగా బిగుసుకుని బీపీని చివరిదాకా నిలబెడతాయి, పడిందంటే గుండె ఆగిపోవడానికి దగ్గర్లో ఉన్నట్టే. నెలలు నిండిన గర్భిణికి ఒంట్లో రక్తమే ఎక్కువ, చాలా పోయాక గానీ బయటపడదు. పైగా వెల్లకిలా పడుకోబెడితే గర్భాశయం పెద్ద సిరని నొక్కేస్తుంది, ఎడమ పక్కకి ఒరిగించాలి.

కొత్త ఈఎంటీ:
ఇప్పుడు కళ్లకి కట్టినట్టుంది, చాలా థ్యాంక్స్. ఒక్క డౌట్. మరి షాక్‌లో చర్మం వెచ్చగా ఉంటుందని కూడా చదివాను, అదేంటి?

రాత్రి డ్యూటీ:
అక్కడ తేడా నాళాలది. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ముదరడం) మొదట్లో, అనాఫిలాక్సిస్‌లో (తీవ్రమైన అలర్జీ) నాళాలు వదులైపోతాయి, రక్తం ఒంట్లోనే ఉన్నా గొట్టాలు వెడల్పయ్యాయి, చర్మం వెచ్చగా ఎర్రగా ఉండొచ్చు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింటే సింపథెటిక్ ఆజ్ఞలే కిందికి రావు, బీపీ తక్కువగా ఉన్నా పల్స్ నెమ్మదిగా, చర్మం పొడిగా ఉంటుంది. చెయ్యి పట్టుకోగానే చల్లగా ఉందా వెచ్చగా ఉందా ముందు తేల్చుకో. రక్తం పోతున్నవాడికైతే ఏసీ ఆపి దుప్పటి కప్పు, ఒళ్లు చల్లబడితే రక్తం సరిగ్గా గడ్డకట్టదు. సెలైన్ కూడా ప్రొటోకాల్ దాటి సీసాల మీద సీసాలు ఎక్కించొద్దు, అది ఆక్సిజన్ మోయదు, పైగా గడ్డకట్టించే పదార్థాల్ని పల్చన చేస్తుంది.

క్యాజువాలిటీ నర్స్:
ఇంకో మాట. దారిలోంచి మాకు ఫోన్ చేసేటప్పుడు "బీపీ 112" అని ఆపెయ్యకండి. "పల్స్ 124, ఊపిరి ఇంత, పై కింద తేడా 20, చేతులు చల్లగా ఉన్నాయి" అనండి, మీరు గేటు దగ్గరికి వచ్చేలోపు బ్లడ్ బ్యాంకుకి చెప్పేస్తాం.