వలస తల్లుల ప్రసవానంతర కుంగుబాటు: వీడియో బృందం సాయమా, సరిపెట్టడమా?

హ్యూస్టన్ వాలంటీరు (చర్చ మొదలుపెట్టినవారు)

హ్యూస్టన్ నైరుతి వైపు గల్ఫ్‌టన్ అనే పేట ఉంది. అన్నీ ఇరుకు అపార్ట్‌మెంట్లు. హోండురాస్, ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా, మెక్సికోల నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువ. అక్కడ ఒక చిన్న క్లినిక్‌కు నేను అప్పుడప్పుడు సాయం చేస్తుంటాను. బాలింతల్లో కుంగుబాటు కనిపిస్తూనే ఉంది. స్పానిష్ మాట్లాడే కౌన్సెలర్ దొరకడం గగనం. ఉన్న కాస్త డబ్బుతో, తల్లులు వారానికోసారి వీడియోలో కలిసి స్పానిష్‌లో మాట్లాడుకునే బృందం నడుపుదామని కొందరంటున్నారు. దానికన్నా కౌన్సెలర్‌ను కొన్ని గంటలైనా క్లినిక్‌లో కూర్చోబెట్టడం నయమని మరికొందరు. నా ఓటు వీడియోకే. ఈ రంగంలో ఉన్న మనవాళ్లు ఏమంటారు?

డాలస్ ప్రసూతి నర్సు

గుడ్డి కన్నా మెల్ల మేలని సర్దుకుపోయే పద్ధతి ఇది. పేదలకు, పరాయివాళ్లకు ఎప్పుడూ ఆ మెల్లే ఎందుకు రావాలి?

బాలింతల్లో కుంగుబాటును పసిగట్టడానికి మేము వాడే ఎడిన్‌బరో ప్రశ్నావళిలో పది ప్రశ్నలుంటాయి. పదోది, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అని. దానికి 'ఎప్పుడూ లేదు' అన్నది కాక మరే జవాబుకు గీత పెట్టినా, ఆ తల్లిని ఒంటరిగా గదిలోంచి పంపను. వీడియోలో అయితే ఒక్క మీట నొక్కి వెళ్లిపోతుంది. చిరునామా ఇవ్వడానికే భయపడే మనిషిని ఎక్కడని వెతుకుతారు?

ఇంకో సంగతి. అద్దె పంచుకోవడానికి రెండు కుటుంబాలు ఒకే ఇంట్లో ఉంటాయి. పక్కన మరిది, ఎదురుగా అత్తగారు. ఆ తల్లి నోరు విప్పి ఏం చెబుతుంది? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మనలాగే వాళ్లకూ తెలుసు.

వలస చట్టాల పని చేసే వ్యక్తి, ఆస్టిన్

నర్సు గారూ, మీరు చెప్పిన గదిలోకి ఆమె అసలు రావాలి కదా!

టెక్సాస్‌లో 2024 నవంబరు నుంచి గవర్నరు ఉత్తర్వు ప్రకారం ఆసుపత్రులు రోగుల వలస స్థితి అడుగుతున్నాయి. జవాబు చెప్పకపోయినా వైద్యం ఆగదు. కానీ ఆ ముక్క ఎంతమందికి చేరింది? 2025 జనవరిలో, ఆసుపత్రులు, బడుల దగ్గర అరెస్టులకు పరిమితులు పెట్టిన పాత కేంద్ర విధానాన్నీ ఎత్తేశారు. దానికి ముందు 2019 నాటి 'పబ్లిక్ చార్జ్' నిబంధన ఉంది. ప్రభుత్వ సాయం తీసుకుంటే గ్రీన్ కార్డుకు అడ్డమన్న భయం దానితో పట్టుకుంది. 2022లో ఆ నిబంధన మార్చినా భయం మారలేదు.

కాగితాలు లేని గర్భిణికి ఇక్కడ దొరికేది చిప్ పెరినేటల్ అనే పథకం. ప్రసవం తర్వాత తల్లికి అందులో రెండే రెండు విజిట్లు. కుంగుబాటేమో బిడ్డ పుట్టిన ఏడాదిలో ఎప్పుడైనా మొదలవుతుంది. మూడో విజిట్‌కు డబ్బు ఎవరిస్తారు?

న్యూజెర్సీ అమ్మ

నేను హెచ్-4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసాను పట్టుకుని వచ్చే వీసా మీద ఉన్నప్పుడు ఒక దక్షిణాసియా తల్లుల ఆన్‌లైన్ బృందమే నన్ను నిలబెట్టింది. మొదట కెమెరా ఆపుకుని వింటూ ఉండేదాన్ని. ఇంకెవరో నా మాటే చెప్పాక ధైర్యం వచ్చింది. పనిచేస్తుంది, పెట్టండి.

పాత సభ్యుడు, శాక్రమెంటో

అమ్మా, మీకు మేలు జరిగింది, సంతోషం. కానీ పోలిక అంత తేలిక కాదు. మన ఇళ్లలో ఏడో నెల దాటగానే అమ్మకో అత్తగారికో విజిటర్ వీసా వేయిస్తాం. శొంఠి, వాము, కారప్పొడి డబ్బాలతో సహా దిగుతారు. వీసా తిరగ్గొడితే ఇంట్లో పెద్ద రగడ. లాటినా, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న తల్లులకూ మన పురుడు లాంటి నలభై రోజుల ఆచారం ఉంది, క్వారెంతేనా అంటారు. కోడి పులుసు, విశ్రాంతి, ఇంటి పనంతా మిగతా ఆడవాళ్లదే. హోండురాస్ రాజధాని టెగుసిగల్పాలో ఉన్న అమ్మ రాలేదు, కూతురు వెళితే తిరిగి రాలేదు. పెద్ద పిల్లవాణ్ని ఆ అమ్మ దగ్గరే వదిలి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఒళ్లో బిడ్డ ఉంటుంది, మనసు అక్కడ ఉంటుంది. ఆ దుఃఖం తెలిసిన మనిషి బృందాన్ని నడపాలి. వీడియోలోనా, క్లినిక్ గదిలోనా అన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.

ప్రజారోగ్య పరిశోధకురాలు, మేరీల్యాండ్

గాలిలో వాదించడం దేనికి? శాన్ ఫ్రాన్సిస్కో జనరల్ ఆసుపత్రిలో లాటినా గర్భిణులను దృష్టిలో పెట్టుకుని తయారైన పాఠ్యక్రమం ఉంది, 'మమాస్ ఇ బెబెస్' అని. మనసు కుంగినప్పుడు వచ్చే ఆలోచనలను పట్టుకోవడం, రోజులో చిన్న పని ఒకటైనా ఇష్టంగా చేయడం, సాయం అడగడం, ఇవే అందులో నేర్పేవి. 2019లో అమెరికా నివారణ సేవల కార్యదళం ఇలాంటి కౌన్సెలింగ్‌ను, ముప్పు ఎక్కువున్న తల్లులకు ముందుగానే ఇవ్వమని చెప్పింది.

దాన్ని ఆకాశానికెత్తను. వాషింగ్టన్ ప్రాంతంలో 217 మంది లాటినాలతో ఆ పాఠాలను పరీక్షించిన అధ్యయనం 2011లో వెలువడింది. పాఠాలు అయిన వెంటనే లక్షణాలు తగ్గాయి. బిడ్డ ఏడాదివాడయ్యేసరికి, పాఠాలు విన్నవాళ్లకూ విననివాళ్లకూ తేడా చెప్పుకోదగ్గంతగా మిగల్లేదు. అది ఎదురెదురుగా కూర్చుని చేసిన బృందం, గుర్తుంచుకోండి. అంటే గదిలో కూర్చోబెడితే చాలు, బాగైపోతుందన్న లెక్క కూడా నిలవదు. అదే పాఠాన్ని వెబ్‌సైటుగా పెట్టి ఎవరికి వారు చదువుకోమంటే చాలామంది మధ్యలోనే జారిపోయారు. బృందానికి నా మొగ్గు అందుకే. ఈ వారం రాకపోతే ఎందుకు రాలేదని అడిగే మనిషి ఉంటుంది.

డాలస్ ప్రసూతి నర్సు

ఆ 'ఎందుకు రాలేదు' అని అడిగే మనిషికి జీతం ఎవరిస్తారు? బడ్జెట్ కాగితాల్లో ఆమె ఎప్పుడూ వాలంటీరే. ప్రొమోతోరాలని ఉంటారు, ఆ పేటలోనే ఉండే ఆరోగ్య కార్యకర్తలు, మన ఆశా కార్యకర్తల్లాంటివారు. అందరూ పొగుడుతారు, చేతిలో మాత్రం ఏమీ పెట్టరు.

నా అభ్యంతరం అలాగే ఉంది. ప్రతి సమావేశానికీ వెనక లైసెన్సు ఉన్న మనిషి అందుబాటులో ఉండాలి. పదో ప్రశ్న జవాబు తేడాగా వస్తే ఆ రాత్రే ఫోను చేసే ఏర్పాటు ఉండాలి. అవి లేకపోతే నేను మద్దతివ్వను. 2022లో మొదలైన జాతీయ తల్లుల హెల్ప్‌లైన్ 1-833-852-6262 స్పానిష్‌లోనూ రాత్రింబవళ్లు పలుకుతుంది. ఆ నంబరు ప్రతి తల్లి ఫోనులో ముందే ఎక్కించండి. అయితే అది ఉందని మీ బాధ్యత దానికి అప్పగించేయకండి.

హ్యూస్టన్ వాలంటీరు

ప్రొమోతోరాకు జీతం అన్న మాట మా లెక్కలో లేదు. రేపు మొదట పెట్టబోయే పద్దు అదే. కౌన్సెలర్ గంటలు సగానికి తగ్గించి, ఆ కౌన్సెలర్‌నే బృందానికి వెనక దన్నుగా పెట్టమని అడుగుతాను. సమయం దగ్గరే తేలడం లేదు. రాత్రి పెడితే భర్తలు ఇంట్లో ఉంటారు. పగలు పెడితే ఇళ్లు శుభ్రం చేసే పనులకు వెళ్లినవాళ్లకు కుదరదు. కిందటి సారి ఫోను చేస్తే ఒకామె లాండ్రీ గదిలో యంత్రాల హోరు మధ్య నిలబడి మాట్లాడింది. బట్టలు ఆరేలోపు చెప్పేయాలని తొందర.

డాలస్ ప్రసూతి నర్సు

సమయం సంగతి తర్వాత. చేరేటప్పుడే ఫోను ఎవరిదో అడగండి. భర్తదైతే ఆ నంబరుకు సందేశాలు పంపకండి.