పాత ప్రొజెక్షన్ టీవీ: బ్లూ ఫోకస్ బిగించాలా, కంపెనీ పెట్టినట్టే వదిలేయాలా?

డాలస్‌వాసి:
మా వీధిలో గరాజ్ సేల్ పెడితే 51 అంగుళాల పాత ప్రొజెక్షన్ టీవీ తెచ్చుకున్నాను. లోపల ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు ట్యూబులుండే రకం. బొమ్మ బాగానే ఉంది కానీ నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పడితే చుట్టూ నీలం మసక. మెనూలో షార్ప్‌నెస్ చివరిదాకా పెంచినా మసక పోలేదు, పైగా అక్షరాల పక్కన తెల్ల గీత తేలింది. కవరు తీసి బ్లూ ఫోకస్ (నీలం ట్యూబు ఫోకస్) పదునుగా బిగించమని ఒకరు, అది కావాలనే అలా పెట్టారు ముట్టుకోవద్దని ఇంకొకరు. ఎవరి మాట వినాలి?

టంకంపని:
ముట్టుకోకండి. బ్లూ ఫాస్ఫర్, అంటే నీలం ట్యూబు లోపల వెలుగిచ్చే పూత, ఒక స్థాయి దాటాక ఎంత కరెంటు పంపినా ఆ మేరకు వెలుగు ఇవ్వదు. అందుకే కంపెనీలోనే ఆ పూత మీద కరెంటు పడే చుక్కను కాస్త వెడల్పు చేసి వదిలేవాళ్లు. అదే కరెంటు ఎక్కువ చోట పరుచుకుంటే వెలుగు ఎక్కువ వస్తుంది. మన కన్ను సన్న వివరాల్ని ఎక్కువగా ఆకుపచ్చలోనే పట్టుకుంటుంది కాబట్టి నీలం కొంచెం చెదిరినా పెద్దగా తెలియదు. దాన్ని బాగా బిగిస్తే టెస్ట్ మ్యాచ్‌లో తెల్ల డ్రెస్సులు పసుపు తిరుగుతాయి.

పాతగేమర్:
నిజమే అన్నా, కానీ అది షోరూం లెక్క. పక్క టీవీ కంటే వెలుగ్గా కనబడాలని కాంట్రాస్ట్ నిండా పెట్టి పంపేవాళ్లు. చీకటి గదిలో చూసేవాడికి అంత వెలుగెందుకు? కాంట్రాస్ట్ సగానికి దించితే కరెంటే తగ్గుతుంది, ఫాస్ఫర్ ఆ హద్దు దాకా వెళ్లదు. మూడు రంగుల్లోనూ చుక్క సన్నబడుతుంది, ఏ నాబ్ ముట్టుకోకుండానే బొమ్మ పదునెక్కుతుంది. ఆ తర్వాత బ్లూ బిగిస్తే నష్టమేంటి? నేను పాత వీడియో గేములు ఆడతాను. మూలన స్కోరు, నల్ల ఆకాశంలో నక్షత్రాలు, ప్రతి తెల్ల చుక్కకీ నీలం మసక. చూడబుద్ధి కాదు.

టంకంపని:
స్కోరు మూలనే కదలకుండా ఉంటుందన్నావు చూడు, నా భయం అదే తమ్ముడూ. బిగిసిన చుక్క గంటల తరబడి ఒకేచోట పడితే అక్కడ ఫాస్ఫర్ త్వరగా అరుగుతుంది. ఆ మచ్చ ఇక పోదు. ఇంకోటి, ట్యూబుకి వెళ్లేది దాదాపు 30 వేల వోల్టులు. ప్లగ్ పీకాక కూడా ట్యూబులో చార్జి నిలిచే ఉంటుంది. పైగా చూపు తెర మీద, చేయి లోపల పెట్టి చేసే పని. టీవీ రిపేరు తెలియనివాళ్లకి ‘తీసి తిప్పెయ్’ అని చెప్పడం నాకు అస్సలు నచ్చదు.

తెరవెనుక:
డాలస్‌వాసి గారూ, అసలు ఇది ఫోకస్ సమస్యేనా కాదా ముందు తేల్చుకోండి. టీవీ అరగంట నడిచాక కన్వర్జెన్స్ గళ్లు (మూడు రంగులూ కలుస్తున్నాయో లేదో చూసుకునే గళ్లు) తెర మీదికి తెప్పించండి. తెల్ల గీతకి ఒక పక్కనే రంగు బయటికొస్తే మూడు రంగులూ ఒకచోట కలవడం లేదన్నమాట, దానికి ఫోకస్‌తో పని లేదు. రెండు పక్కలా సమానంగా మసక ఉంటే ఫోకసో, ట్యూబుకీ లెన్సుకీ మధ్య ఉండే కూలెంటో (ట్యూబును చల్లబరిచే ద్రవం) కారణం. టీవీ ఆపి, ప్లగ్ తీసి, సెల్‌ఫోన్ లైటు లెన్సుల్లోకి కొట్టండి. ఆకుపచ్చది తేటగా ఉండి, నీలంది పాలు కలిపిన నీళ్లలా కనబడితే ఆ ద్రవం పాడైనట్టే. ఇక ఏ నాబ్ తిప్పినా దండగ. లెన్సుల మీద దుమ్ముంటే మెల్లగా తుడవండి. పెద్ద అద్దాన్ని మాత్రం గుడ్డతో రుద్దొద్దు, దాని పూత ముందువైపే ఉంటుంది.

ఫోకసే అని తేలితే నేను మిగతా రెండు లెన్సులకీ అట్టముక్కలు అడ్డం పెట్టి ఒక్కో రంగే చూస్తాను. మొదట ఆకుపచ్చ. తెర మధ్యలో స్కాన్ గీతలు (బొమ్మను గీసే అడ్డగీతలు) దేనికది విడిగా కనబడేదాకా వదలను. చాలా సెట్లలో ఫోకస్ నాబ్‌ల దగ్గరే స్క్రీన్ నాబ్‌లు, అంటే ఒక్కో రంగు వెలుగును పెంచి తగ్గించేవి, కూడా ఉంటాయి. వాటిలో ఒకటి తిరిగిందా, నలుపంతా ఆ రంగుతో నిండిపోతుంది. అందుకే ముట్టుకునే ముందే ప్రతి నాబ్‌కీ, లెన్సు గొట్టానికీ మార్కర్‌తో గీత పెట్టుకోవాలి. బ్లూ విషయంలో నేను మీ ఇద్దరి మధ్యలో ఉన్నాను. లెన్సును పూర్తి పదునుకి తెస్తాను, నాబ్‌తో తిప్పే కరెంటు ఫోకస్‌ను మాత్రం వెంట్రుకవాసి వదులుగా ఉంచుతాను.

డాలస్‌వాసి:
చూశానక్కా. లోపల మూడూ తేటగానే ఉన్నాయి, పైన మాత్రం దుమ్ము పొరకట్టింది. తుడిచి, కాంట్రాస్ట్ సగానికి, షార్ప్‌నెస్ దాదాపు సున్నాకి దించాను. మసక చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. షార్ప్‌నెస్ తగ్గిస్తే బొమ్మ తేటపడడమే వింతగా ఉంది.

తెరవెనుక:
షార్ప్‌నెస్ కొత్త వివరమేమీ తేదు. అంచుకి అటూ ఇటూ గీత గీసి పదునున్నట్టు చూపిస్తుంది, అంతే. మీకు మొదట కనబడిన తెల్ల గీత అదే.

పాతగేమర్:
ఆ మిగిలిన మసక కోసమే నేను బిగించమనేది. కాంట్రాస్ట్ సగంలో ఉంది కాబట్టి పసుపు రాదు, మచ్చ భయమూ తగ్గుతుంది.

టంకంపని:
ఇంత తగ్గాక వదిలేయమనే నేనంటాను. అయినా బిగించి తీరతానంటే, ముందు నలుపు నుంచి తెలుపు దాకా బూడిదరంగు మెట్లుండే టెస్ట్ బొమ్మ వేసి చూసుకోండి. బిగించాక మళ్లీ వేయండి. కింది మెట్లు మామూలుగా ఉండి, పై తెల్ల మెట్లు మాత్రమే పసుపు తిరిగితే ఫాస్ఫర్ హద్దు దాటినట్టే, నాబ్‌ను మార్కర్ గీత దగ్గరికి తిప్పేయండి. కవరు తీసేటప్పుడు ఇంట్లో ఇంకొకరు పక్కనుండాలి.