ఒకే నెట్ కనెక్షన్, మూడు కంప్యూటర్లు: మేడ మీదికి వైఫై అందడం లేదు

రామగిరి_నల్గొండ:
అందరికీ నమస్కారం. మాది నల్గొండలో పాత ఇల్లు. ముందు భాగం తాతల నాటి రాతి గోడలు. వెనక రెండు గదులు, మేడ మీద ఒక గది తర్వాత స్లాబు వేసి కట్టినవి. ఫైబర్ కనెక్షన్ తీసుకున్నప్పుడు కేబులాయన తన వైరు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడే, వీధి తలుపు పక్కన రౌటర్ బాక్స్ బిగించి పోయాడు. హాల్లో నా ల్యాప్‌టాప్‌కు 40 ఎంబీపీఎస్ దాకా వస్తోంది. వెనక గదిలో నాన్న కంప్యూటర్‌కు నెట్ ఒకసారి కలుస్తుంది, ఒకసారి కలవదు. మేడ మీద చెల్లె గ్రూప్-2 క్లాసులు వింటుంది. ఆమె డెస్క్‌టాప్‌కు 2, 3 మించి రావడం లేదు. లైవ్‌లో డౌటు అడిగేలోపు సారు తర్వాతి టాపిక్‌కు వెళ్లిపోతున్నారు, పాపం దానికి రోజూ టెన్షనే. ప్లాన్ పెంచుకోమని కేబులాయన అంటున్నాడు. వైఫై సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే రిపీటర్ కొనమని ఫ్రెండ్ అంటున్నాడు. ఇలాంటి ఇళ్లున్నవాళ్లు ఏం చేశారో చెప్పండి.

మెట్టుగడ్డ_నెట్:
ప్లాన్ జోలికి ఇప్పుడే పోవద్దన్నా. హాల్లో 40 వస్తోందంటే బయటి నుంచి రావాల్సింది వస్తున్నట్టే. 100 ప్లాన్ వేయించుకున్నా మేడ మీదికి వచ్చేది ఆ 2, 3 దగ్గరే ఆగుతుంది. ముందు ల్యాన్ వైరుతో ల్యాప్‌టాప్‌ను నేరుగా బాక్స్‌కు కలిపి స్పీడ్ చూడండి. ఆ తర్వాత వైఫై మీద అదే చోట, వెనక గదిలో, మెట్ల దగ్గర, చివరికి పైన చూడండి. ఎక్కడ పడిపోతోందో తెలిస్తే సగం పని అయినట్టే.

ఇంకో మాట. ఎంబీపీఎస్ అంటే మెగాబిట్లు. 8తో భాగిస్తే మెగాబైట్లు. 40 కనెక్షన్‌లో ఫైలు సెకనుకు 5 ఎంబీ చొప్పున దిగితే అది ఫుల్ స్పీడే. ఆ 5 చూసి తక్కువ ఇస్తున్నారని గొడవకు దిగేవాళ్లు చాలామంది ఉన్నారు.

వనపర్తి_టీచర్:
మాదీ రాతి ఇల్లే. వైఫైలో 5, 2.4 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల సిగ్నళ్లు ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కు స్పీడ్ ఎక్కువ గానీ అంత మందం గోడ అడ్డం వస్తే అక్కడే ఆగిపోతుంది. 2.4 కొంత దూరం పోతుంది, స్పీడ్ తక్కువ. రౌటర్‌లో రెండింటికీ వేరు వేరు పేర్లు పెట్టి చూడండి, ఏ గదిలో ఏది పనికొస్తుందో తెలిసిపోతుంది. మా ఇంట్లో బాక్స్ పక్కనే అద్దమున్న ఇనుప బీరువా ఉండేది. దాన్ని అవతలి గోడకు జరిపించి, బాక్స్‌ను తలుపు పైన ఎత్తులో పెట్టిస్తే వంటింటిదాకా బాగానే అందుతోంది. ఇనుము, నీళ్ల ట్యాంకు, అద్దం వెనక పూత, ఇవేవీ సిగ్నల్‌కు పడవు. వంటింట్లో మైక్రోవేవ్ నడిచినంతసేపు 2.4 తడబడుతుంది, రెండూ వాడేది ఒకే ఫ్రీక్వెన్సీ కాబట్టి.

మిర్యాలగూడ_మిల్లు_లెక్కలు:
రిపీటర్ గురించి నేను చెప్తాను. మా రైస్ మిల్లు ఆఫీసు ఒకచోట, కాటా గది ఒకచోట. నెట్ పెట్టడానికి వచ్చినతను కాటా గదిలోనే రిపీటర్ పెట్టిచ్చాడు. ఫోన్‌లో గీతలన్నీ నిండుగా కనిపించేవి, బిల్లు మాత్రం అప్‌లోడ్ కాదు. ఎందుకంటే ఆ గీతలు రిపీటర్ నుంచి మనకున్న సిగ్నల్‌ను చూపిస్తాయి. రిపీటర్‌కే అవతలి నుంచి సరిగా అందకపోతే అది మనకిచ్చేదేముంటుంది? పెట్టాలంటే సిగ్నల్ ఇంకా బాగున్న చోట, సగం దారిలో పెట్టాలి. పైగా సింగిల్ బ్యాండ్‌ది, అంటే ఒక్క రకం సిగ్నలే వాడేది అయితే వినడం, పంపడం ఒకే రేడియోతో చేస్తుంది కాబట్టి స్పీడ్ సగానికి సగం పోతుంది. చివరికి పైపులో కేబుల్ లాగించాం. లారీలు వరసగా నిలబడి ఉన్నా ఇప్పుడు వేబిల్లు ఆగడం లేదు.

దేవరకొండ_స్టూడెంట్:
మా రూమ్‌లో రౌటరే లేదు. ఒక ఫ్రెండ్ కంప్యూటర్‌కు వైరు నెట్ ఉంది. విండోస్ సెట్టింగ్స్‌లో మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తే మిగతావాళ్ల ల్యాప్‌టాప్‌లకు అందుతుందని విన్నాను. నిజమేనా?

మెట్టుగడ్డ_నెట్:
నిజమే తమ్ముడూ. ఆ కంప్యూటర్‌లో వైఫై కార్డు ఉండాలి, లేకపోతే యూఎస్‌బీ డాంగిల్ పెట్టాలి. 8 పరికరాలదాకా కలుపుకోవచ్చు. కానీ ఆ కంప్యూటర్ ఆపేస్తే అందరికీ నెట్ ఆగిపోతుంది. పరీక్షల టైమ్‌లో నమ్ముకోవద్దు, తలా కొంత వేసుకుని చిన్న రౌటర్ కొనుక్కోండి.

రామగిరి అన్నా, ఇక మీ సంగతి. మిల్లు సారు చెప్పినట్టు వైరు లాగించడమే మంచిది. కింది నుంచి మేడ మీదికి క్యాట్6 గానీ క్యాట్5ఈ గానీ రకం ల్యాన్ వైరు లాగించి, పైన రెండో రౌటర్ పెట్టండి. ఈ వైర్లు 100 మీటర్లదాకా పనిచేస్తాయి, మన ఇళ్లకు అది చాలా ఎక్కువ.

రెండో రౌటర్‌ను కలపడంలోనే చాలామంది ఇబ్బంది పడతారు. దాన్ని ముందు విడిగా ల్యాప్‌టాప్‌కు కలపండి. అడుగున అంటించిన కాగితం మీద అడ్రసు ఉంటుంది, దాన్ని బ్రౌజర్‌లో కొట్టి లాగిన్ అవ్వండి. యాక్సెస్ పాయింట్ మోడ్ (కింది బాక్స్ నెట్‌నే వైఫైగా పంచే సెట్టింగు) కనిపిస్తే అది ఎంచుకుంటే చాలు. లేకపోతే మొదట దాని అడ్రసు మార్చాలి. కింది బాక్స్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. కింది బాక్స్ అందరికీ పంచే అడ్రసుల్లో ఆ 2 రాకుండా చూసుకోండి. సేవ్ చేయగానే పేజీ పోతుంది, కంగారు పడొద్దు, కొత్త అడ్రసుతో మళ్లీ లాగిన్ అవ్వండి. ఈ రెండో రౌటర్‌లో, కంప్యూటర్లకు అడ్రసులు పంచే డీహెచ్‌సీపీని అన్నిటికన్నా చివర ఆపండి. ముందే ఆపేస్తే ల్యాప్‌టాప్‌కు అడ్రసు దొరక్క లోపలికి పోలేరు. తర్వాత కింది బాక్స్ ల్యాన్ పోర్టు నుంచి వచ్చిన వైరును దీని ల్యాన్ పోర్టులోనే పెట్టండి. వేరే రంగులో విడిగా, బయటి నెట్ కోసం ఉండే వ్యాన్ పోర్టు ఖాళీగా వదిలేయండి.

వనపర్తి_టీచర్:
వ్యాన్‌లో పెడితే ఏమవుతుంది? మా తమ్ముడి ఇంట్లో అలాగే ఉంది, నెట్ వస్తోంది కదా.

మెట్టుగడ్డ_నెట్:
నెట్ వస్తుంది టీచర్ గారూ. కానీ పైన ఒక నెట్‌వర్క్, కింద ఒక నెట్‌వర్క్ అవుతాయి. పై కంప్యూటర్లలో ఉన్న ఫోల్డర్లు కిందివాళ్లకు కనిపించవు, పైన ప్రింటర్ ఉంటే కింది నుంచి ప్రింట్ పోదు. ఒకే ఇంట్లో పంచుకోవాలనుకున్నప్పుడు అంతా ఒకే నెట్‌వర్క్‌లో ఉండటమే సుఖం.

నకిరేకల్_ఎలక్ట్రీషియన్:
వైరు సంగతి నేను చెప్పాలి. బయటి గోడ మీద ఉత్త వైరు లాగొద్దు. కోతులు ఉంచవు. పట్టుకుని ఊగుతాయి, కొరుకుతాయి. కరెంటు పనికి వాడే పీవీసీ పైపులోనే వేయండి, బిగింపులు దగ్గర దగ్గరగా కొట్టించండి. అయితే కరెంటు తీగలున్న పైపులోనే దీన్ని తోయొద్దు, విడిగా, కొంత ఎడంగా పోవాలి. కొనేటప్పుడు పూర్తి రాగి వైరు అడగండి. అల్యూమినియం తీగకు రాగి పూత వేసినవి చవకగా వస్తాయి, కొస గీకి చూస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది. కనెక్టర్ కొట్టాక 8 తీగలూ అందాయో లేదో టెస్టర్ పెట్టి చూపించమనండి. 4 తీగలే అందినా 100 ఎంబీపీఎస్ నడుస్తుంది కాబట్టి లోపం ఇవాళ బయటపడదు, రేపు పెద్ద ప్లాన్‌కు మారినప్పుడు పడుతుంది.

గద్వాల_డిజైన్స్:
కరెంటు పోతే కింది బాక్స్, పై రౌటర్ రెండూ ఆగుతాయి. 12 వోల్టుల మినీ యూపీఎస్ రెండింటికీ విడివిడిగా పెట్టుకోవాలి. కొనే ముందు అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చదవండి, 9 వోల్టులవి కూడా ఉంటాయి. మేం చీరల డిజైన్లు ఆన్‌లైన్‌లో పంపుతుంటాం, ఫైలు సగంలో ఆగితే మళ్లీ మొదటి నుంచి పంపాలి.

పాస్‌వర్డ్ సంగతి కూడా చూడండి. రౌటర్ సెట్టింగుల్లోకి పోయే పాస్‌వర్డ్ చాలా ఇళ్లలో కంపెనీ ఇచ్చిందే ఉండిపోతుంది. అది మార్చండి. వైఫై భద్రతకు డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ పెట్టండి, పాస్‌వర్డ్ లేకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే డబ్ల్యూపీఎస్ ఆపేయండి. దాని పిన్‌ను రెండు ముక్కలుగా ఊహిస్తూ పట్టుకోవచ్చని 2011లోనే బయటపడింది. చుట్టాలకు విడిగా ఉండే గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి. కిరాయికి ఉన్నవాళ్లకు పంచేముందు మాత్రం ఆలోచించండి. ఏదైనా తేడా జరిగితే కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లనే అడుగుతారు.

రామగిరి_నల్గొండ:
అందరికీ చాలా థ్యాంక్స్. వెనక గది మీదుగా పైపులో క్యాట్6 లాగించాం. పైన యాక్సెస్ పాయింట్ మోడ్ ఉన్న రౌటర్ పెట్టాం. చెల్లె డెస్క్‌టాప్‌ను వైరుతోనే దానికి కలిపాం, 39 వస్తోంది. నాన్న కంప్యూటర్‌కు పైనుంచే వైఫై అందుతోంది, భూముల రికార్డుల భూభారతి పేజీ మధ్యలో ఆగకుండా తెరుచుకుంటోందని ఆయన ఆనందం చూడాలి. కేబులాయన ప్లాన్ పాతదే ఉంది. రెండు అనుమానాలు మిగిలాయి. రెండు రౌటర్లకూ వైఫై పేరు ఒకటే పెట్టొచ్చా? ఎండాకాలంలో మేడ మీద గది కాలిపోతుంది, రౌటర్‌కు ఏమైనా అవుతుందా?

మెట్టుగడ్డ_నెట్:
పేరు, పాస్‌వర్డ్ రెండూ ఒకటే పెట్టండి, ఫోన్ తనంతట తనే దగ్గరిదానికి మారుతుంది. 2.4లో మాత్రం కిందిదానికి ఛానల్ 1, పైదానికి 11 పెట్టండి. 1, 6, 11 ఛానళ్ల సిగ్నళ్లు ఒకదాని మీద ఒకటి పడవు. ఎండ సంగతికి, రౌటర్‌ను స్లాబుకు ఆనించి పెట్టొద్దు, అల్మారాలో మూయొద్దు. టేబుల్ ఎత్తులో గాలి తగిలేచోట ఉంచండి. దాని మీద పుస్తకాలు పెట్టొద్దని చెల్లెకు చెప్పండి.