కొత్త కారులో అడాస్ కోసం లక్షన్నర ఎక్కువ పెట్టొచ్చా? తిరుపతి–బెంగళూరు తిరిగేవాళ్లు చెప్పండి

ప్రశ్న (తిరుపతి, ఎయిర్ బైపాస్ రోడ్డు)

అందరికీ నమస్కారం. కాంపాక్ట్ ఎస్‌యూవీ ఒకటి ఖాయం చేసుకున్నాం, వేరియంట్ దగ్గర ఆగిపోయాం. ఆటోమేటిక్‌లో ఒక మెట్టు కిందిదానికీ, అడాస్ (కెమెరా, రాడార్‌లతో హెచ్చరించి, నడపడంలో సాయం చేసే ఏర్పాటు) ఉన్న టాప్ వేరియంట్‌కీ ఆన్‌రోడ్ తేడా లక్షా అరవై వేల దాకా వస్తోంది. "హైవే ఎక్కితే బండే నడుపుకుంటుంది సార్, మీరు ఊరికే కూర్చుంటే చాలు" అంటాడు షోరూమ్ అబ్బాయి. డల్లాస్‌లో ఉన్న మా బావమరిదేమో చేతులు ఒళ్లో పెట్టుకుని ఆఫీసుకు వెళ్తున్న వీడియోలు పంపుతున్నాడు. మా నాన్న మాత్రం "ఆ డబ్బు పెట్రోలుకు పెట్టుకోరా" అని తేల్చేశారు.

రోజూ రేణిగుంట దాకా డ్యూటీ. అమ్మాయి బెంగళూరులో చదువుతోంది, కాబట్టి నెలకోసారి చిత్తూరు, పలమనేరు మీదుగా అటు. అప్పుడప్పుడూ చెన్నై. చుట్టాలొస్తే కొండకి. నాకు యాభై దాటాయి, రాత్రిపూట హైవే అంటే కొంచెం టెన్షన్. వాడినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

జవాబు (చిత్తూరు, టింకరింగ్ షాపు)

సార్, "బండే నడుపుకుంటుంది" అన్న మాట ముందు మనసులోంచి తీసేయండి. ఇక్కడ మనకు అమ్ముతున్నవి లెవెల్ 1, లెవెల్ 2. బండి తనంతట తాను ఎంత నడుపుతుందో చెప్పే ఈ కొలత 0 నుంచి 5 దాకా ఉంటుంది. లెవెల్ 2లో స్టీరింగ్, వేగం రెండూ కాసేపు బండి పట్టుకుంటుంది గానీ, రోడ్డు మీద చూపు పెట్టాల్సింది మీరే, ఏదైనా జరిగితే కేసు కూడా మీ మీదే. స్టీరింగ్ వదిలేస్తే కాసేపటికే బీప్ కొడుతుంది, అప్పటికీ పట్టుకోకపోతే ఆ సాయం ఆపేస్తుంది.

ఇక డబ్బు సంగతి. అడాస్ అని ఒకే స్టిక్కర్ కింద రెండు రకాల సరుకు కలిపి అమ్ముతారు. ఒకటి కాపలా కాసేది. ముందు బండి దగ్గర పడితే అరుస్తుంది, మీరు తొక్కకపోతే తనే బ్రేకు వేస్తుంది. పక్క నుంచి వచ్చేవాడు అద్దంలో కనపడకపోతే దీపం వెలిగిస్తుంది. రివర్స్ తీస్తుంటే అడ్డంగా వచ్చే బండి గురించి చెప్తుంది. రెండోది నడపడంలో చేయి వేసేది, అంటే ముందు బండిని బట్టి వేగం మార్చుకునే క్రూయిజ్, గీతల మధ్య ఉంచే లేన్ అసిస్ట్.

నా లెక్కలో మొదటిదానికి ఎంత పెట్టినా దండగ కాదు. రెండోదానికి విడిగా పైసా పెట్టక్కర్లేదు, దాంతోపాటు వస్తే రానీండి. ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీలు నడిపే ఐఐహెచ్‌ఎస్ అనే సంస్థ ఏళ్ల తరబడి ప్రమాదాల లెక్కలు తీసింది. హెచ్చరికతోపాటు ఆటోమేటిక్ బ్రేకు ఉన్న బళ్లలో, వెనక నుంచి వెళ్లి గుద్దే ప్రమాదాలు సగానికి తగ్గాయి. బ్లైండ్ స్పాట్ హెచ్చరికతో లేన్ మారేటప్పటి ప్రమాదాలు 14 శాతం తగ్గాయి. లేన్ పట్టుకుని, వేగం చూసుకునే రకం వల్ల ప్రమాదాలు తగ్గుతాయనడానికి మాత్రం గట్టి ఆధారం దొరకలేదని 2024లో అదే సంస్థ చెప్పింది. అవి వాళ్ల రోడ్ల లెక్కలు, నిజమే. కానీ మా షాపుకొచ్చే బళ్లలో ముందు బంపర్, బానెట్, రేడియేటర్ పోయినవి ఎన్నో చూస్తుంటాను. అర సెకను ముందు బ్రేకు పడి ఉంటే వాటిలో చాలా బళ్లు నా దగ్గరికి వచ్చేవే కావు. మాకు గిరాకీ తగ్గుతుందనుకోండి, అది వేరే విషయం.

ఐరోపాలో 2024 జూలై నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ ఆటోమేటిక్ బ్రేకు తప్పనిసరి. మన దగ్గరేమో సన్‌రూఫ్, వెంటిలేటెడ్ సీట్లు, పెద్ద స్క్రీన్‌తో కట్టగట్టి టాప్ వేరియంట్‌లో పెడుతున్నారు. అందుకే ఆ లక్షా అరవై వేలలో అడాస్ వాటా ఎంత, సన్‌రూఫ్ వాటా ఎంత అని విడదీసి అడగండి.

జవాబు (పలమనేరు, ట్రావెల్స్ నడుపుతున్నాను)

చిత్తూరు అన్న చెప్పింది బాగుంది కానీ, రోడ్డు మీద ఎలా ఉంటుందో నేను చెప్తాను. మా దగ్గర అడాస్ ఉన్న బళ్లు బెంగళూరు–తిరుపతి ట్రిప్పులకు తిరుగుతున్నాయి. మా డ్రైవర్లలో ఎక్కువమంది లేన్ అసిస్ట్ ఎక్కగానే ఆపేస్తారు. గుంత తప్పిద్దామని కొంచెం పక్కకి తిప్పితే స్టీరింగ్ వెనక్కి లాగుతుంది. ఇండికేటర్ వేస్తే లాగదు, కానీ గుంత గుంతకీ ఇండికేటర్ ఎవరు వేస్తారు?

క్రూయిజ్ బాగానే ఉంటుంది, నాలుగు లేన్ల మీద తెల్లవారుజామున. అదే పదింటికి పెడితే ముందు బండికీ మనకీ మధ్య వదిలిన ఖాళీలో బైకు దూరుతుంది, మన బండి బ్రేకు వేస్తుంది, వెనక లారీవాడు హారన్ మోగిస్తాడు. దూరం తగ్గించే సెట్టింగు ఉంటుంది, చివరికి తగ్గించి పెట్టినా ఆటో దూరడానికి అది చాలు.

మొగిలి ఘాట్‌లో మాత్రం క్రూయిజ్ పెట్టొద్దు. లోడు లారీలు దిగుతుంటాయి, ఎవడి బ్రేకు ఎలా ఉందో తెలియదు. అక్కడ కాలు బ్రేకు మీదే ఉండాలి.

ఇంకొకటి. పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు రోడ్డు దాటుతాయి. 2023లో మా పలమనేరు దగ్గరే లారీ గుద్ది మూడు ఏనుగులు చచ్చిపోయాయి. ఈ కెమెరాలు బళ్లని, మనుషుల్ని, సైకిళ్లని గుర్తుపట్టేలా తయారైనవి. ఏనుగుకో, ఎద్దుకో, గొర్రెల మందకో బ్రేకు పడుతుందని నమ్ముకోకండి. కంపెనీ పుస్తకంలోనే ఆ మాట రాసి ఉంటుంది, ఎవరూ చదవరు.

జవాబు (తిరుపతి, కొన్నాళ్లు అమెరికాలో ఉండి వచ్చాను)

మీ బావమరిది పంపేది బహుశా టెస్లా వీడియో. అది గీతల మధ్య ఉంచడంతో ఆగదు. సిగ్నల్స్, మలుపులు కూడా తనే చూసుకుంటుంది, మన కార్లలో వచ్చేదానికీ దానికీ పోలికే లేదు. అయినా కంపెనీయే 2024లో "ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్" అన్న దాని పేరుకి "సూపర్‌వైజ్డ్" అని తగిలించింది. అంటే అక్కడా డ్రైవర్ చూస్తూనే ఉండాలి, లెక్క ప్రకారం అదీ లెవెల్ 2. డ్రైవర్ సీటులో ఎవరూ లేకుండా జనాన్ని ఎక్కించుకుని తిరిగేవి వేమో టాక్సీలు, ఫీనిక్స్, శాన్ ఫ్రాన్సిస్కో లాంటి కొన్ని ఊళ్లలో. వాటిని మనం కొనుక్కోలేం.

2025 జూలైలో టెస్లా ముంబైలో షోరూమ్ తెరిచినప్పుడు బండి ధర దాదాపు 60 లక్షలు, ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్‌కి ఇంకో 6 లక్షలు అని పెట్టింది. డ్రైవర్ లేని కార్లని దేశంలోకి రానివ్వనని, డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయని గడ్కరీ గారు చాలాసార్లు చెప్పారు. కాబట్టి "రేపు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో పూర్తి ఆటోమేటిక్ అయిపోతుంది" అని ఎవరైనా చెప్తే ఆ ఆశకి డబ్బు కట్టొద్దు. ఈరోజు బండిలో పనిచేసేదానికే కట్టండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ థాంక్స్. నా అసలు భయం రాత్రి డ్రైవింగ్. దానికి ఇదేమన్నా పనికొస్తుందా? కొండ మీదికి వెళ్లేటప్పుడు పెట్టుకోవాలా, ఆపేయాలా?

జవాబు (నగరి)

అన్నయ్యా, నేను టీచర్ని. అడాస్ ఉన్న కారు నేనే నడుపుతాను, నగరి నుంచి చెన్నైకి, తిరుపతికి. పైన ట్రావెల్స్ అన్న వాళ్ల డ్రైవర్లు లేన్ అసిస్ట్ ఆపేస్తారన్నారు. పుత్తూరు వైపు డివైడర్ లేని చోట్ల, గీతలు చెరిగిపోయిన చోట్ల నాకూ అది పనికిరాదు. గీత కనపడకపోతే దానంతటదే మానేస్తుంది. కానీ బ్లైండ్ స్పాట్ దీపం లేని కారు నేను ఇక కొనను. లారీని దాటబోతుంటే వెనక నుంచి కుడివైపు దూసుకొచ్చే కార్లు, ఎడమవైపు నుంచి దూరే బైకులు, రెండూ చెప్తుంది.

పురటాసి నెలలో (తమిళుల నెల, సెప్టెంబర్–అక్టోబర్) తమిళనాడు నుంచి భక్తులు గుంపులుగా నడిచి వస్తారు, ఎక్కువగా రాత్రిళ్లు, రోడ్డు అంచున. ఎదుటి బండి హైబీమ్ కళ్లలో పడితే మనకి ఏమీ కనపడదు. అలాంటప్పుడు ఒకసారి నేను చూసేలోపే హెచ్చరిక వచ్చింది, బ్రేకు తొక్కాను. అది లేకపోతే ఏమయ్యేదో చెప్పలేను. నాకు మాత్రం ఆ ఒక్కదానికే డబ్బు వసూలైంది.

జవాబు (చిత్తూరు, టింకరింగ్ షాపు)

టీచరమ్మ చెప్పినదానికి ఒక మాట కలుపుతాను, లేకపోతే రాత్రి గురించి ఎక్కువ ధైర్యం వచ్చేస్తుంది. కొన్ని కంపెనీలు అద్దం వెనక కెమెరా ఒక్కటే పెడతాయి. హోండా సిటీ, ఎలివేట్, అమేజ్ అలాంటివే. కొన్ని కెమెరాతోపాటు ముందు రాడార్ కూడా పెడతాయి, మహీంద్రా ఎక్స్‌యూవీ 700లో ఉన్నట్టు. కెమెరాకి కూడా మన కళ్లలాగే వెలుతురు కావాలి. రాడార్‌కి చీకటి అడ్డం కాదు, కానీ దానికి వేరే గుడ్డితనం ఉంది. వేగంగా పోతున్నప్పుడు కదలని ప్రతి వస్తువునీ అడ్డంకి అనుకుంటే బోర్డులకీ వంతెనలకీ కూడా బ్రేకు పడుతుంది. అందుకని ఆగి ఉన్నవాటిని చాలావరకు లెక్కలోంచి తీసేస్తారు. కాబట్టి రోడ్డు మీద లైట్లు లేకుండా ఆపిన లారీకి, వెనక రిఫ్లెక్టర్ లేని చెరుకు ట్రాక్టర్‌కి వంద మీద పోతూ ఇది ఆపుతుందని అనుకోవద్దు. జూన్, జూలైల్లో తోతాపురి మామిడి ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు చీకట్లో ఎలా నిలబడి ఉంటాయో మా జిల్లావాళ్లకి తెలుసు. వేగం తక్కువగా ఉంటే బ్రేకు బాగా కాపాడుతుంది, ఎక్కువగా ఉంటే దెబ్బ తీవ్రత తగ్గిస్తుంది. రాత్రి ఎనభై దాటకుండా పోతే దాని సాయం మీకు నిజంగా అందుతుంది.

కొండ సంగతి. ఎక్కే దారి, దిగే దారి వేరు కాబట్టి ఎదురు బండి భయం లేదు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాల కంటే తొందరగా చేరకూడదని దేవస్థానం నియమం ఉండనే ఉంది. క్రూయిజ్, లేన్ అసిస్ట్ రెండూ అలిపిరిలోనే ఆపేయండి. ఆ హెయిర్‌పిన్ మలుపులు లేన్ అసిస్ట్ వల్ల అయ్యే పని కాదు. దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజిన్‌తో పట్టి ఉంచాలి, బ్రేకు మీదే దిగితే వేడెక్కుతుంది. ఆటోమేటిక్ బ్రేకుని మాత్రం ఆపొద్దు. మలుపులో గోడని చూసి ఎప్పుడైనా బీప్ కొట్టొచ్చు, కంగారు పడకండి.

షోరూమ్‌లో చెప్పని ఖర్చు ఒకటుంది. రాయి తగిలి ముందు అద్దం పగిలితే అద్దం మార్చి ఊరుకోవడం కుదరదు, కెమెరాని కంపెనీ సర్వీస్ సెంటర్‌లో మళ్లీ కాలిబ్రేట్ చేయించాలి, అంటే సరిగ్గా చూసేలా సెట్ చేయించాలి. బంపర్ వెనక రాడార్ ఉంటే చిన్న దెబ్బకి కూడా అదే కథ. బయట పెయింటు మందంగా కొట్టిస్తే మూలల్లో ఉండే రాడార్లు సరిగా చూడవు, ఇది నా సొంత గిరాకీకి వ్యతిరేకంగానే చెప్తున్నా. జీరో డిప్రిసియేషన్ (పార్టుల పాతబడ్డ విలువ కోయకుండా ఇచ్చే) పాలసీ తీసుకోండి, కాలిబ్రేషన్ ఖర్చు అందులో వస్తుందో రాదో రాతపూర్వకంగా అడగండి.

అలిపిరిలో వాహన పూజ చేయిస్తారు కదా, నామాల స్టిక్కర్ అద్దం పైన మధ్యలో అంటించొద్దు, కెమెరా ఉండేది అక్కడే. నిమ్మకాయలు, మిరపకాయల దండ గ్రిల్‌కి కట్టేముందు రాడార్ ఎక్కడుందో చూసి పక్కకి కట్టండి. ముందు ఇనుప గార్డు అయితే అసలు వద్దు. అది 2017 నుంచే చట్టవిరుద్ధం, పైగా రాడార్‌కి అడ్డం.

జవాబు (రేణిగుంట)

లెక్క కూడా చూసుకోండి సార్. టాప్ వేరియంట్ ఎక్స్‌షోరూమ్ పది లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కట్టించుకుంటారు. అది పోయే డబ్బు కాదు, ఐటీ రిటర్న్‌లో సర్దుకుంటుంది. కానీ మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ శాతం ధరని బట్టి పెరుగుతుంది, అది వెనక్కి రాదు. మీరు కొనే బండి ధర ఆ శాతం మారే చోటే ఉంటే తేడాలో కొంత పన్నుకే పోతుంది. కింది వేరియంట్‌లో ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ (బండి జారి అదుపు తప్పకుండా పట్టేది) ఉన్నాయా? అవి లేకపోతే మొదట వాటికి పెట్టండి. భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో దాని రేటింగ్ కూడా చూడండి.

ప్రశ్న అడిగినవారు

రెండింట్లోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ ఉన్నాయి. ఈరోజు ఫోన్ చేసి విడదీసి అడిగితే అసలు విషయం తెలిసింది. టాప్‌కి ముందు ఇంకో వేరియంట్ ఉందట. సన్‌రూఫ్ చిన్నది, సీట్లు మామూలువి, కానీ అడాస్ ఉంది. తేడా లక్షలోపే. ఇన్నాళ్లూ దాని ఊసే ఎత్తలేదు. స్టాకు లేదు, ఐదారు వారాలు పడుతుందన్నారు. నాన్నకి చెప్తే "ఆ బ్రేకు సంగతి ముందే చెప్పుంటే సరిపోయేది కదా" అన్నారు. టెస్ట్ డ్రైవ్ ఆదివారం ఉదయం పదింటికి పెట్టారు. ఏమేం చూడాలి?

జవాబు (చిత్తూరు, టింకరింగ్ షాపు)

క్రూయిజ్ పెట్టి ట్రాఫిక్‌లోకి వెళ్లినప్పుడు బండి పూర్తిగా ఆగి మళ్లీ కదులుతుందా, లేక ముప్పై కిలోమీటర్ల దగ్గరే చేతులెత్తేస్తుందా చూడండి. రెండు రకాలూ ఉన్నాయి. హెచ్చరికల శబ్దం తగ్గించుకోవచ్చో లేదో చూడండి. ఎక్కువ అరిస్తే నెల తిరక్కుండా మీరే అన్నీ ఆపేస్తారు. బండి ఆపి స్టార్ట్ చేస్తే లేన్ అసిస్ట్ మళ్లీ ఆన్ అవుతుందా అన్నది కూడా. ఆటోమేటిక్ బ్రేకుని మాత్రం మనిషినో, ఆగి ఉన్న బండినో ఎదురుగా పెట్టి పరీక్ష చేయకండి, షోరూమ్‌వాళ్లు చేసి చూపిస్తామన్నా ఒప్పుకోవద్దు.

పదింటికి కాదు, రాత్రి ఏడు దాటాక ఇమ్మని అడగండి సార్. చంద్రగిరి దాకా వెళ్లి రండి. ఎదుటి లైట్లు పడుతున్నప్పుడు మీకు ఎంత కనపడుతోందో, బండికి ఎంత కనపడుతోందో అప్పుడు తెలుస్తుంది.