పాట మొదలుపెట్టే ముందే దాని లోపలి అర్థం మైకులో చెప్పేయాలా?

పెదవాల్తేరు డ్రమ్స్:
విశాఖ బీచ్ రోడ్డులో ఒక కెఫేలో శనివారం సాయంత్రాలు మా బ్యాండ్ పాత రాక్ పాటలు వాయిస్తుంది. మా సింగర్‌కి ప్రతి పాట ముందూ దాని ‘అసలు అర్థం’ చెప్పే అలవాటు. మొన్న అమెరికా బ్యాండ్ ఈగల్స్ వాళ్ల ‘హోటల్ కాలిఫోర్నియా’కి ముందు “ఇది హెరాయిన్ గురించి, ఆ హోటల్ అంటే మత్తే” అన్నాడు. పాట అయ్యాక ఒక పెద్దాయన వచ్చి, “నువ్వు చెప్పాక నాకు ఇంకేమీ వినపడలేదు బాబూ” అన్నారు. ముందే చెప్పకూడదని నేను, చెప్పాల్సిందేనని తను. మీరేమంటారు?

సిరిపురం శ్రోత:
చెప్పాలి. ఆ ఇంగ్లిష్ యాసలో సగం మాటలు మనకు అందవు, ట్యూన్ బాగుందని తల ఊపేస్తాం. ది పోలీస్ వాళ్ల 1983 నాటి ‘ఎవ్రీ బ్రెత్ యూ టేక్’ ఎంగేజ్‌మెంట్లలో వేస్తుంటే విన్నాను. తనను వదిలి వెళ్లిపోయిన మనిషి వేసే ప్రతి అడుగూ, తీసే ప్రతి ఊపిరీ కనిపెట్టుకుని ఉంటానని ఒకడు అనే పాట అది. అందులో ఉన్నది నిఘా, పెత్తనం అని రాసిన స్టింగే చెప్పాడు. కొత్త జంట చేతులు పట్టుకుని నిలబడ్డ వేదిక మీద అది మోగితే నాకు బాధేస్తుంది. ముందే ఒక్క ముక్క చెప్తే పోయేదేముంది?

ఏయూ తెలుగు ఎం.ఏ.:
శ్రోత గారూ, మీ బాధ న్యాయమైనదే. కానీ ఆ పాట వేరు, హోటల్ పాట వేరు. స్టింగ్ పాటలో దాచిందేమీ లేదు. ఎవరు అంటున్నారు, ఎవరితో అంటున్నారు అని అడిగితే చాలు, పాటే బయటపడిపోతుంది. సంస్కృత అలంకారికుడు మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో వ్యంగ్యార్థం, అంటే పైకి చెప్పకుండా స్ఫురించే అర్థం, దేనివల్ల పుడుతుందో చెబుతూ మొదట లెక్కపెట్టినవి ఇవే: పలికేవారు, వినేవారు, ఆ తర్వాత కాకువు, అంటే గొంతులోని విరుపు. రాక్ పాటకు ఆ మూడోది మరీ ముఖ్యం. అక్కడ గిటార్ కూడా మాట్లాడుతుంది కాబట్టి కాగితం మీది మాటలు మాత్రమే చూసి తీర్పు చెప్పలేం.

ఆ పుస్తకంలోనే ‘సూర్యుడు అస్తమించాడు’ అన్న వాక్యం గురించి గొప్ప చర్చ ఉంది. ఒకరికి అది ‘ఇక పని ఆపుదాం’. ఒకరికి ‘ఆవులను ఇంటికి తోలు’. ఇంకొకరికి ‘సంధ్యకు వేళయింది’. ప్రియుడి కోసం ఎదురుచూసే అమ్మాయికి ‘బయల్దేరు’. వాక్యం ఒక్కటే. ఏ అర్థమూ అబద్ధం కాదు, అలాగని ఎవరికి ఏది తోస్తే అది చెల్లదు, వినేవాళ్ల సందర్భంలో అది నిలబడాలి.

హోటల్ పాటను అలా చూడండి. 1976 డిసెంబరులో వచ్చిన ఆల్బం. ట్యూన్‌కి మూలం డాన్ ఫెల్డర్, మాటలు డాన్ హెన్లీ, గ్లెన్ ఫ్రైలవి. రాత్రి ఎడారి రోడ్డు, అలసిపోయిన మనిషి, దూరాన దీపం, గుమ్మంలో ఒక స్త్రీ. లోపల అద్దాలు, విందు, ఎన్ని కత్తులు దించినా చావని మృగం. చివర, లెక్క తీర్చి గది ఖాళీ చేయొచ్చు గానీ ఆ చోటు విడిచి వెళ్లలేవని కాపలావాడు అంటాడు. మత్తు అనుకుంటే ఈ చివరి మాట గట్టిగా తగులుతుంది, నిజమే. డబ్బు, పేరు అనుకున్నా అంతే గట్టిగా తగులుతుంది. మరి ఆ స్త్రీకి ఖరీదైన నగల మీద, మెర్సిడెస్ కారు మీద ఉన్న పిచ్చిని హెరాయిన్ అర్థంలో ఎక్కడ పెడతారు? ఎక్కువ పంక్తులను కలుపుకుని పోయే అర్థమే బలమైన అర్థమని నా నమ్మకం. హెరాయిన్ అర్థం కొన్నిటిని బయట వదిలేస్తోంది. మైకులో ముందే దాన్ని ప్రకటిస్తే, ఆ వదిలేసిన పంక్తులు వినేవాళ్లకూ వినపడవు. ఆ పెద్దాయన చెప్పింది ఇదేనని నాకనిపిస్తోంది.

లాసన్స్ బే:
ఇంత అవసరం లేదు మేడమ్. అమాయకత్వం నుంచి అనుభవానికి సాగే ప్రయాణమని హెన్లీయే చెప్పాడు. రాసినవాడు చెప్పాక ఇక వాదన ఎందుకు? వినేవాడి చేతికి పగ్గాలిస్తే ఏమవుతుందో 1969లోనే చూశాం. బీటిల్స్ 1968 పాట ‘హెల్టర్ స్కెల్టర్’. అది ఇంగ్లండ్‌లో సంతల్లో పిల్లలు చుట్టూ తిరుగుతూ జారే జారుడుబల్ల పేరు. అమెరికాలో ఒక ముఠాకు నాయకుడైన చార్లెస్ మాన్సన్ దాంట్లో జాతుల యుద్ధం వస్తోందన్న సందేశం విన్నాడు, అతని అనుచరులు మనుషుల్ని చంపారు. జూడాస్ ప్రీస్ట్ బ్యాండ్ అయితే, పాటలో రహస్య ఆజ్ఞ దాచారన్న ఆరోపణ మీద 1990లో అమెరికాలోని రీనోలో కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. జడ్జి బ్యాండ్ వైపే తీర్పిచ్చారు, కానీ ఎంత నరకం!

ఏయూ తెలుగు ఎం.ఏ.:
మాన్సన్ పాటను అర్థం చేసుకోలేదండీ. తన తలలో ముందే ఉన్నదాన్ని తెచ్చి పాట మీద రుద్దాడు. అతను తప్పని తేల్చడానికి రచయిత సాక్ష్యం అక్కర్లేదు, ఆ పాట చాలు.

రాసినవాడి మాటే చివరిదంటే, ఏ రాసినవాడిది? 1967లో వచ్చిన బీటిల్స్ పాట ‘లూసీ ఇన్ ది స్కై విత్ డైమండ్స్’ ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు గురించి కాదని, కొడుకు జూలియన్ బడిలో గీసిన బొమ్మ నుంచి పుట్టిందని జాన్ లెనన్ చెబుతూనే వచ్చాడు. కలిసి రాసిన పాల్ మెకార్ట్నీ 2004లో ఆ మత్తు ప్రభావం స్పష్టమేనన్నాడు. ఇద్దరిలో ఎవరిని నమ్మాలి? లెనన్ చదివిన స్కూల్లో టీచర్ బీటిల్స్ పాటలకు అర్థాలు చెప్పిస్తున్నారని ఒక విద్యార్థి ఉత్తరం రాస్తే, ఎవరికీ అంతుపట్టకూడదని పట్టుబట్టి లెనన్ ‘ఐ యామ్ ది వాల్రస్’ రాశాడు. అర్థం లేకుండా రాద్దామనుకున్నా అందులో కోపం వినపడుతూనే ఉంది. అనుకున్నదానికంటే పాట ఎక్కువే చెప్పేస్తుంది. రచయిత మాట మంచి సాక్ష్యం, తీర్పు మాత్రం కాదు.

మల్కాపురం:
నాకు ఇంత చదువు లేదు గానీ ఒకటి చెప్తాను. అమెరికా గాయకుడు స్ప్రింగ్‌స్టీన్ ‘బోర్న్ ఇన్ ది యూఎస్ఏ’, 1984. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడు రిఫైనరీకి పని అడగడానికి వెళ్తాడు. నా చేతుల్లో లేదు బాబూ అన్నట్టు మాట్లాడతాడు అక్కడి ఆఫీసరు. మాది రిఫైనరీ పక్క వీధి. పని అడిగి ఉత్త చేతులతో గేటు దాటి వచ్చినవాళ్లను మా వీధిలో చూశాను. పల్లవి ఒక్కటే పట్టుకున్నవాళ్లకు అది జెండా ఊపే పాట. అదే ఏడాది ఎన్నికల సభలో అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్ కూడా స్ప్రింగ్‌స్టీన్ పాటల్లోని ఆశను పొగిడాడు. ఆ రచయితకు మా మల్కాపురం తెలీదు. అయినా నాకు వినపడింది తప్పంటారా?

లాసన్స్ బే:
తప్పెందుకవుతుంది సోదరా? ఆయన ఏ బాధతో రాశాడో అదే మీకు చేరింది. అందుకే రచయిత ఉద్దేశాన్ని పట్టుకోవాలంటున్నాను. ఎంతమంది పల్లవి దగ్గరే ఆగిపోయారో మీరే చెప్పారు. వాళ్లకు ఎవరో ఒకరు చరణం విప్పి చెప్పాలి కదా.

బ్యాండ్ సింగర్:
నా గురించే కాబట్టి రాస్తున్నాను. హెరాయిన్ మాట గాల్లోంచి తేలేదు. డెబ్బైలలో లాస్ ఏంజెలెస్ సంగీతకారుల మధ్య మత్తుమందులు ఎంతగా పారాయో అందరికీ తెలుసు. నాకు ఆ పాట ఇప్పటికీ అలాగే వినపడుతుంది, అది మార్చుకోను. అయితే ఎం.ఏ. మేడమ్ అడిగిన మెర్సిడెస్ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఈ శనివారం హోటల్ పాటకు ముందు ఏడాది, ఊరు మాత్రం చెప్తాను. నా అర్థం పాట అయ్యాక, అడిగినవాళ్లకు. స్ప్రింగ్‌స్టీన్‌ది మాత్రం ముందే, ఆ రిఫైనరీ చరణం మొత్తం తెలుగులో చెప్పి మొదలుపెడతాను. అక్కడ పల్లవి హోరులో చరణం మునిగిపోతుంది, చెప్పకపోతే అన్యాయం.

పెదవాల్తేరు డ్రమ్స్:
దీనికి నేను ఒప్పుకుంటాను. ‘స్టెయిర్‌వే టు హెవెన్’ మాత్రం ముందూ వద్దు, తర్వాతా వద్దు. 1971 ఆల్బం లోపలి కవరు మీద లెడ్ జెపెలిన్ వాళ్లు ఆ ఒక్క పాట మాటలే అచ్చువేయించారు, వివరణ ఏమీ ఇవ్వలేదు. మనమూ వాటినే ప్రింటు తీసి బల్లల మీద పెడదాం. కెఫే వాళ్లతో నేను మాట్లాడతాను.