పార్టీల గోల తక్కువ ఉండే ఇంజనీరింగ్ కాలేజీ ఏది?

ప్రశ్న (రాజోలు నుంచి):
ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టాలి. ఇంటర్ హాస్టల్లో ఎవరి పుట్టినరోజైనా అర్ధరాత్రి కేకు, అది మొహానికి పూయడం, పైన బకెట్ నీళ్లు. ఇంకో నాలుగేళ్లు అదంటే టెన్షన్‌గా ఉంది. ఫ్రెండ్స్ వద్దని కాదండీ, ఇద్దరు ముగ్గురు చాలు. "కొబ్బరితోటలో పెరిగావు, నీకన్నీ గోలే" అంటారు మా నాన్న. భీమవరమా, కాకినాడా, తాడేపల్లిగూడెమా?

జవాబు (కాకినాడ సీనియర్):
ఊరు కాదమ్మా, హాస్టల్ చూడు. ఫెస్ట్ ఏడాదికి నాలుగు రోజులు, రూమ్మేట్లు రోజూ ఉంటారు. గదికి ఎంతమంది, రీడింగ్ రూమ్ రాత్రి ఎంతవరకు తెరుస్తారు, అడుగు. చీకటి పడ్డాక వెళ్లి చూడు. పగలు అన్ని హాస్టళ్లూ గుళ్లలాగే ఉంటాయి.

జవాబు (తాడేపల్లిగూడెం):
ఇక్కడి నిట్‌కి ఈఏపీసెట్ పనికిరాదు, జేఈఈ మెయిన్ ర్యాంకు కావాలి. సగం సీట్లు బయటి రాష్ట్రాల వాళ్లవి. ఇంకోటి, సీనియర్లు బలవంతంగా డాన్స్ చేయిస్తే అది సరదా కాదు, ర్యాగింగ్. మన రాష్ట్రంలో 1997 నుంచే చట్టం ఉంది. హెల్ప్‌లైన్ 1800-180-5522.

జవాబు (పాలకొల్లు, ఒక అమ్మ):
హాస్టలే వద్దు తల్లీ. చించినాడ వంతెన దాటి మా ఊరి మీదుగా భీమవరం రోజూ వెళ్లొచ్చు. మా అమ్మాయి కాలేజీ బస్సులో నిద్రపోతుంది, అదొక్కటే పార్టీ.

రాజోలు:
థాంక్సండీ. బస్సు ఐడియాకి అమ్మ ఒప్పుకుంది. నాన్న మాత్రం ప్రయాణంలో చదువెక్కడ అంటున్నారు. ఆదివారం కాకినాడ హాస్టల్ కూడా చూసొస్తాం, చీకటి పడ్డాకే.