గేముల్లో ‘బిల్డ్’ని తెలుగులో ఏమనాలి?

లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే వీడియో గేమ్ గురించి మా తమ్ముడి కోసం తెలుగులో రాస్తున్నా. అన్నీ ఎలాగోలా కుదిరాయి, ‘ఐటమ్ బిల్డ్’ (అంటే ఆటలో మన పాత్రకి ఏయే వస్తువులు, ఏ లెక్కన కొనాలన్నది) దగ్గర ఆగిపోయా. నిర్మాణం అంటే వంతెన గుర్తొస్తోంది. సామగ్రి అంటే మూటలో ఏముందో తెలుస్తుంది, అవే ఎందుకు కొన్నామో తెలియదు. ఏమంటారు?

జవాబు: సన్నాహం అనండి. సంస్కృతంలో ‘నహ్’ అంటే కట్టడం. సన్నాహం అంటే మొదట్లో ఒంటికి బిగించుకునే కవచమే. సన్నద్ధుడంటే కవచం తొడుక్కున్నవాడు. ‘ఏర్పాట్లు’ అన్న అర్థం తర్వాత స్థిరపడింది. చెప్పులకి ఉపానహం అన్న మాట కూడా ఆ ధాతువు నుంచే. మీ ఆటలో బూట్లు కూడా కొంటారుగా!

ఉపానహం సంగతి భలే ఉందండీ, తమ్ముడికి చెప్తాను. కానీ సన్నాహం యుద్ధానికి ముందు జరిగేది. ఇక్కడ ఆట నడుస్తుండగానే బంగారం సంపాదించి, అవతలివాళ్లని చూసి ఒక్కొక్కటీ కొనాలి. నాకు తగిలిన దెబ్బ చెప్తా. ఎక్కడో చూసిన బిల్డ్‌ని అక్షరం పొల్లుపోకుండా పాటించి కవచం మీద కవచం కొన్నా. తీరా చూస్తే అటువైపు ఐదుగురిలో నలుగురు మంత్రంతో కొట్టేవాళ్లు. ఆర్మర్ ఆపేది భౌతిక దాడినే. మంత్రానికి మ్యాజిక్ రెసిస్ట్ వేరే ఉంది. బంగారమంతా బూడిదలో పోసినట్టయింది. “అది బిల్డ్ కాదురా, సరుకుల చీటీ” అన్నాడు నాతో ఆడేవాడు.

జవాబు: అయితే కూర్పు సరిపోతుంది. కూర్పులో ఒకదానికొకటి పొసగడం ఉంది. సరుకుల చీటీలో లేనిది అదే కదా.

అవును, లెక్క కూడా ఆ మాటకే మొగ్గుతోంది. ఆ ఆటలో ఆర్మర్ 100 ఉంటే భౌతిక దెబ్బ సగమవుతుంది, 200 ఉంటే మూడో వంతు. అంటే 2000 ప్రాణం, 100 ఆర్మర్ ఉన్నవాణ్ణి పడగొట్టాలంటే 4000 దెబ్బ కావాలి. అతను ఇంకో 500 ప్రాణం కొంటే అది 1000కి సమానం. కవచమే లేనివాడికి ఆ 500 ఉత్త 500. వస్తువు విలువ పక్కనున్న వస్తువుని బట్టి మారుతోంది. సమాసంలో పదాల్లాగే (వ్యాకరణం పిచ్చి, క్షమించాలి).

జవాబు: క్రియ మాటేమిటి? “ఏం కూర్చావ్?” అంటే “ఎక్కడ కూర్చున్నావ్?” అన్నట్టు వినబడదూ? “కూరావ్” అన్నా ప్రమాదమే, సంచిలో కుక్కినట్టుంటుంది. నేనైతే నామవాచకంగా కూర్పు, క్రియకి “ఏం కొంటున్నావ్?”తో సరిపెడతా. కొనే క్రమానికి ‘వరస’ చాలు. అలాంటిదే ఇంకో ఆట డోటా 2లో వస్తువులు పెట్టుకోడానికి ప్రధానంగా ఉన్నవి ఆరు గడులే అయినా, ఏది ముందు కొన్నావన్న దాని మీదే సగం ఆట తేలిపోతుంది.

ఇది బాగుంది. వ్యాసంలో కూర్పు, వరస అని రాస్తా. ఆడుతూ జట్టుతో మైకులో మాట్లాడేటప్పుడు మాత్రం బిల్డ్ అనే అంటాం, ఆ కంగారులో ఇంకో మాట నోటికి రాదు.

జవాబు: మరి అవతలివాడి బలాన్ని దెబ్బకొట్టేలా కొనే కౌంటర్ బిల్డ్? ఎదురు కూర్పా?

‘విరుగుడు’ అంటే? “వాడు ప్రాణం తెగ నింపుకుంటున్నాడు, విరుగుడు కొను.” ఇది మైకులో కూడా అనొచ్చు!